తల్లి రాణి, కూతురు రాణి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఆయనకేం, ఎన్నైనా అంటాడు. రువైస్‌లో కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఉంటూ, వారానికోసారి అంత దూరం కారు తోలుకుని అజ్మాన్ వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, మళ్ళీ పోతాడు. వారమంతా ఈ బిల్డింగులో ఈ మనుషుల మధ్య ఉండేది నేను. ఇక్కడ జరిగింది చూశాక కూడా కోపం రానివాళ్ళుంటే వాళ్ళకో దండం. ఇది రాయమని నన్నెవరూ అడగలేదు, కడుపులో దాచుకోలేక రాస్తున్నాను.

2020లో కరోనా వచ్చి బళ్ళు మూసినప్పుడు షార్జాలో నా టీచరు ఉద్యోగం ఊడింది. పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. మా బిల్డింగు కింద షాపుల వరసలో నెల్లూరు వాళ్ళ మెస్ ఒకటుంది. దాన్ని నడిపే ఆవిడని నాతో సహా అందరం అక్క అనే పిలిచేవాళ్ళం. పొడగరి, గొంతు వీధి చివరిదాకా వినపడేది. కూలీల క్యాంపులకు క్యారియర్లు పంపేది, తినడానికి వచ్చినవాళ్ళను తిడుతూనే రెండోసారి అన్నం వడ్డించేది. మెస్ మొదలుపెట్టిన కొన్నేళ్ళకే ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. అప్పుడు ఊరి నుంచి తమ్ముడొచ్చి లైసెన్సు తన పేరుకు మార్చుకున్నాడు. తల్లీకూతుళ్ళ వీసాలు కూడా అతని చేతి కిందకే వచ్చాయి. దుబాయ్ చుట్టుపక్కల బతికేవాళ్ళకు దీని అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. లైసెన్సు ఎవరిదైతే వాళ్ళు ఉండమంటే ఉండాలి, ఖలాస్ అంటే పెట్టె సర్దుకోవాలి.

అయినా అక్కకు ఆ బెంగ ఉన్నట్టు నాకెప్పుడూ కనపడలేదు. తమ్ముడు మెత్తని మనిషి. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. కౌంటర్ దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటూ, అక్క కేకేస్తే లేచేవాడు. ఆమె కూతురు దూరవిద్యలో బి.ఏ. చదివేది, మిగతా పొద్దంతా పార్సిళ్ళు కట్టేది. మాట్లాడటం తక్కువ. పిలిస్తే తలెత్తి చూసేది గానీ జవాబు ఆ చూపులోనే అయిపోయేది. దీనికి చరిత్ర ఎక్కడం లేదు, నీకు పుణ్యముంటుంది, కాస్త చెప్పమని అక్క నన్ను అడిగింది. బదులుగా మా ఇంటికి రోజూ క్యారియర్ పంపిస్తానంది. నాకూ వంట మీద ఏనాడూ ప్రేమ లేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల హడావిడి అయిపోయాక, సాయంత్రం వంట మొదలయ్యేలోపు, మెస్‌లోనే ఒక బల్ల తుడుచుకుని కూర్చునేవాళ్ళం. ప్రాచీన ప్రపంచ చరిత్ర పేపరు. అందులో ఈజిప్టును ఏలిన గ్రీకు రాజవంశం గురించి ఆ పిల్ల ప్రాజెక్టు రాయాలి, అందులోనూ రాణుల గురించి. ఆ వంశంలో రాజులందరిదీ ఒకే పేరు. రాణులకు మూడు నాలుగు పేర్లే తిప్పి తిప్పి పెట్టేవాళ్ళు. ఎవరు ఎవరో తెలియక నాకే తల తిరిగేది. ఆ పిల్ల మాత్రం పేర్లు వదిలేసి వరసలు పట్టుకుంది. ఈమె అక్క, ఈమె చెల్లెలు, ఈమె మేనకోడలు అని చకచకా చెప్పేది. వరసలు పెట్టుకోవడం మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

ఆ వంశంలో అన్నాచెల్లెళ్ళకు పెళ్ళి చేసేవాళ్ళని చెప్పినప్పుడు మెస్‌లో ఉన్నవాళ్ళంతా ముఖాలు చిట్లించారు. ఉల్లిపాయలు తరుగుతున్న అక్క ఛీ అని కత్తిపీట పక్కకు జరిపింది. ఎందుకు చేసేవాళ్ళంటే, రాజ్యం బయటి వంశానికి పోకూడదని. పరాయి రాజు కూతుర్ని తెస్తే ఆమె వెనక ఆమె తండ్రి సైన్యం వస్తుంది. సొంత చెల్లెలైతే ఆమె వెనక ఉండేది తన ఇల్లే. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఒక రాజు కథ వచ్చింది. అన్న చనిపోతే అన్న భార్యను, అంటే తన సొంత అక్కనే, చేసుకున్నాడు. పెళ్ళి విందు రోజునే ఆమె చిన్న కొడుకును ఆమె చేతుల్లోనే చంపించాడని పాత రాతలు చెప్తాయి. కొన్నేళ్ళకు అదే అక్కకు మొదటి భర్త వల్ల పుట్టిన కూతుర్ని కూడా పెళ్ళాడాడు. తల్లిని వదల్లేదు, కూతుర్నీ వదల్లేదు. ఒకే రాజభవనంలో తల్లి ఒక రాణి, కూతురు ఇంకో రాణి. గ్రీకువాళ్ళకు కూడా ఇది నోట మాట రాని సంగతి అని నేను గొంతు తగ్గించి చెప్పాను.

అక్క నవ్వింది. అక్కను చేసుకోవడం పాపం గానీ అక్క కూతుర్ని చేసుకుంటే తప్పేముంది, మేనమామే కదా, మా అమ్మను చేసుకుందీ మేనమామే అంది. కౌంటర్ దగ్గర తమ్ముడు కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే. రెండు వేల ఏళ్ళ కిందటి వాళ్ళు సిగ్గుతో చచ్చిపోయిన సంగతిని మా నెల్లూరు మెస్‌లో మామూలు సంబంధంగా తేల్చేశారు. ఆ పిల్ల ఒక్కతే నవ్వలేదు. మామ వైపు కాదు, తల్లి వైపు చూసింది. ఆ చూపు నాకెందుకో నచ్చలేదు. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశాను.

తర్వాత తెలిసింది, అక్క అప్పటికే ముహూర్తం గురించి ఊరికి ఫోన్ చేస్తోందని. తమ్ముడికి కూతుర్ని ఇస్తుందట. తమ్ముడికి బయటి సంబంధం ఒకటి వచ్చింది, ఒంగోలు వైపు పిల్ల, నర్సు ఉద్యోగం. ఆ నర్సు ఇంట్లోకి వస్తే ఏమవుతుందో అక్క లెక్కలు వేసుకుంది. నేను గొడవ పడటానికే వెళ్ళాను. పిల్ల ఇష్టం అడిగావా, చదువు పూర్తి కానివ్వవా అని నిలదీశాను. అక్క పొయ్యి మంట తగ్గించి నా వైపు తిరిగి, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“బయట నుంచి ఒకతి వస్తే ఈ గరిట నా చేతిలో ఉంటాదా టీచరమ్మా? ఇట్టా చేస్తే మొగుడు నా తమ్ముడు, పెళ్ళాం నా కూతురు. ఇద్దరూ నా రక్తమే. నన్నెవరు పొమ్మంటారు చెప్పు?”

ఆమె వేసిన లెక్క ఆ రాజవంశం మూడు వందల ఏళ్ళు వేసిన లెక్కే. వాళ్ళ కథ ఎట్లా ముగిసిందో నాకు తెలుసు. కానీ ఉడుకుతున్న పప్పు ముందు నిలబడి, నీ సొంతవాళ్ళే నిన్ను గెంటుతారు అని ఎవరితోనైనా ఎట్లా అంటాం? ఇంటికొచ్చేశాను. సాయంత్రం క్యారియర్ మామూలుగానే వచ్చింది, దాంట్లో నాకిష్టమని గుత్తివంకాయ కూడా పెట్టింది.

ఆ చలికాలం మా ఆయన వచ్చిన ఒక శుక్రవారం తల్లీకూతుళ్ళను తీసుకుని మలీహా వెళ్ళాం. షార్జా వెనక ఎడారిలో పాత సమాధులు, కోట గోడలు తవ్వి తీసిన చోటు. అక్కడ చిన్న మ్యూజియంలో గ్రీకు పద్ధతిలో కొట్టిన నాణేలున్నాయి. ఈ ఇసకలో బతికినవాళ్ళు ఎక్కడో దూరపు రాజు బొమ్మ కొట్టుకుని దాని మీద తమ పాలకుల పేరు వేసుకున్నారట. అందులో ఒక పేరు ఆడమనిషిదని కొందరంటారని నేను చెప్పాను. అక్క బయట నీడలో కూర్చుని మా ఆయనకు పులిహోర పెడుతోంది. ఆ పిల్ల అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు ఆ నాణెం చూసింది. ఆమె ఎవరి భార్య అని అడిగింది. భార్య అని ఎక్కడా లేదు, ఫలానా వాళ్ళ బిడ్డ అని మాత్రం ఉందట అన్నాను. ఆ పిల్ల తలూపింది.

వెనక్కి వచ్చేటప్పుడు అక్క కారులో నిద్రపోయింది. అప్పుడు నేను ఆ రాజు కథ మిగతాది చెప్పాను. ఆ పిల్లను భయపెట్టాలనే చెప్పాను. చెప్తే వద్దంటుందని, ఏడ్చి గోల చేసైనా పెళ్ళి ఆపుకుంటుందని నా ఆశ. తల్లి రాణికీ రాజుకూ పడలేదు. నగరం తల్లి వైపు తిరిగింది. రాజు చిన్న రాణిని తీసుకుని ఒక ద్వీపానికి పారిపోయాడు. పోతూ పోతూ తనకూ తల్లి రాణికీ పుట్టిన కొడుకును వెంట తీసుకుపోయాడు. ఆమె పుట్టినరోజుకు ఒక పెట్టె పంపించాడు. అందులో ఆ కొడుకు శరీరం ముక్కలుగా ఉంది. ఇంత జరిగాక కూడా మళ్ళీ రాజీపడి ముగ్గురూ ఒకే భవనంలో ఏళ్ళ తరబడి ఉన్నారు. మా ఆయన డ్రైవ్ చేస్తూ, ఆపవే బాబూ, అన్నం తిన్న కడుపు అన్నాడు.

“చివరికి ఎవరు మిగిలినారు టీచర్?” అని వెనక సీటులోంచి ఆ పిల్ల అడిగింది.

రాజు ముందు పోయాడు, రాజ్యం చిన్న రాణి చేతిలో పెట్టి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే తల్లి రాణి పేరు రాతల్లోంచి మాయమైపోయింది, ఎట్లా పోయిందో ఎవరూ రాయలేదు, మిగిలింది కూతురే అన్నాను. ఆ పిల్ల కిటికీ వైపు తిరిగింది. ఒంటెలు అడ్డొస్తాయని రాసిన బోర్డులు వెనక్కి పోతున్నాయి. అక్క తల కూతురి భుజం మీద వాలి ఉంది, ఆ పిల్ల ఆ తలను సర్ది పట్టుకుంది. నేను మాత్రం మంచి పని చేశాననుకుని సంబరపడ్డాను.

ఆ వారంలోనే ఆ పిల్ల పెళ్ళికి ఒప్పుకుంది. అక్క నాకు మిఠాయి పెట్టె తెచ్చింది. ఇక్కడ చేసుకుంటే రక్త పరీక్షలూ అవీ అడుగుతారు, ఎందుకొచ్చిన తలనొప్పి అని నెల్లూరులోనే చేశారు. విమానాలు మళ్ళీ సరిగ్గా తిరగడం మొదలయ్యాక అందరూ వెళ్ళి వచ్చారు. వచ్చిన రోజు ఆ పిల్ల పసుపుతాడుతో మా ఇంటికొచ్చి కాళ్ళకు దండం పెట్టింది. చదువు ఆపను టీచర్ అంది. పరీక్షలు రాసింది కూడా, మంచి మార్కులతో పాసైంది. నేనే అనవసరంగా గుండెలు బాదుకున్నానేమో అనుకున్నాను.

మార్పు చిన్న చిన్న వాటితో మొదలైంది. కౌంటర్ దగ్గర మామ బదులు ఆ పిల్ల కూర్చోవడం మొదలుపెట్టింది. స్టోర్ తాళాలు ఆమె కొంగుకు వచ్చాయి. అమ్మా, నూనె తగ్గించు అని మెత్తగా అనేది. తర్వాత, అమ్మా, నువ్వు కూర్చో, కాళ్ళు వాచినాయి అనేది. ఆ ప్రేమకు నేనే మురిసిపోయాను. కేరళ వంటవాడు ఒకడు వచ్చాడు. అక్క అతని పక్కన నిలబడి పోపు ఎట్లా పెట్టాలో, పులుసు ఎప్పుడు దించాలో ఒక్కొక్కటీ నేర్పింది. నేర్పమని కూతురే అడిగింది, నీ తర్వాత ఎవరికీ తెలియకపోతే ఎట్టా అమ్మా అని. అతను నేర్చుకున్నాక అక్కకు వంటింట్లో పని లేకుండా పోయింది. మెస్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వచ్చేవాళ్ళను పలకరించేది. కొత్తగా వచ్చేవాళ్ళకు ఆమె ఎవరో తెలిసేది కాదు. ఆమె గొంతు వీధి చివరికి వినపడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా నేను గమనించలేదు.

కూతురికి కడుపు పండాక అక్క ముఖం కాస్త వెలిగింది. మనవడో మనవరాలో వస్తే తన చేతులకు పని ఉంటుందనుకుంది. సరిగ్గా అప్పుడే ఆమె వీసా రెన్యువల్‌కు వచ్చింది. రెన్యువల్ చెయ్యడం లేదని, క్యాన్సిల్ చేస్తున్నారని అక్క నా ఇంటికొచ్చి చెప్పింది. ఏడవలేదు. నా సోఫాలో కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూనే ఉంది. తమ్ముడు మారిపోయాడంది. పెళ్ళాం కడుపుతో ఉందనైనా చూడకుండా అత్తను వెళ్ళగొడుతున్నాడంది. కూతురికి తెలిస్తే దానికి ఏమవుతుందోనని ఆమె భయం.

నాకు రక్తం మరిగిపోయింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కిందికి దిగాను. తమ్ముడు మెస్ బయట డెలివరీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కను గెంటుతావా, నీకసలు సిగ్గుందా అని నలుగురూ వినేలా కడిగేశాను. అతను నా ముఖం వైపు చూడలేదు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు, గడ్డం పెరిగింది. నన్నడగొద్దు టీచర్, లోపల అడగండి అన్నాడు. ఆ మాట అంటూ అతను ఒకసారి కౌంటర్ వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంది. అక్క కేకేస్తే లేచే రోజుల్లో కూడా అతని కళ్ళలో నేను భయం చూడలేదు.

లోపలికి వెళ్ళాను. ఆ పిల్ల కౌంటర్ వెనక పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. నన్ను చూసి లేచి కుర్చీ జరిపింది, మజ్జిగ తెప్పించింది. అమ్మను పంపించేది మామ కాదా అని అడిగాను. పంపించేది తనేనంది. దాచాలని కూడా చూడలేదు. ఆమె జరిపిన కుర్చీలో కూర్చున్నాను. కన్నతల్లి కదే అన్నాను.

“ఇష్టం లేదని ఆమె కాళ్ళు పట్టుకున్నా టీచర్. మీకు తెలీదు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పినోడు, వద్దు అమ్మా అన్నా. వినలేదు. తన కుర్చీ కోసం నన్ను ఆ గదిలోకి పంపించింది. గది నాది, కుర్చీ ఆమెదీనా?”

ఆ పిల్ల గొంతు పెంచలేదు. మజ్జిగ గ్లాసు నా వైపు ఇంకాస్త జరిపింది.

“మీ కథలో తల్లి ఎట్టా పోయిందో ఎవరికీ తెలీదన్నారు గదా. నేను అట్టా చెయ్యలా. టికెట్ తీసి, ఊళ్ళో ఇల్లు బాగు చేయించి పంపిస్తా ఉండా. ఒక ఇంట్లో ఇద్దరం ఉంటే నా చేత ఏం జరిగేదో నాకే తెలీదు.”

మంచి ఎండాకాలం. బయట నేల మీద అన్నం ఉడికేంత వేడి. నేను మాత్రం పైట భుజాల నిండా కప్పుకున్నాను. ఆ పిల్ల బెదిరించడం లేదు. తన గురించి తనకు తెలిసిన నిజం చెప్తోంది. మామ ఎందుకు చిక్కిపోయాడో కూడా అప్పుడే అర్థమైంది. నేను మజ్జిగ ముట్టకుండా లేచి వచ్చేశాను.

షార్జా ఎయిర్‌పోర్టుకు అక్కను నేనే తీసుకెళ్ళాను. కూతురికి ప్రయాణం మంచిది కాదని ఇంట్లోనే ఉండమందట అక్క. తమ్ముడు రానే లేదు. వీడ్కోలు చెప్పడానికి పది మందైనా వస్తారనుకున్నాను, ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో. ఒక్కరూ లేరు. లోపలికి పోయేముందు నా రెండు చేతులూ పట్టుకుంది.

“వాడికి మొగుడితనం నెత్తికెక్కింది టీచరమ్మా. నా బిడ్డ నోట్లో నాలుక లేనిది. ఇంగ దానికి ఈడ నువ్వే దిక్కు. వాడు దాన్ని ఏడిపించకుండా కాస్త కనిపెట్టుకోనుండు.”

సరే అక్కా అన్నాను. ఇంకేమనాలి? నా నోరు ఎంత పెద్దదో మా బిల్డింగంతా చెప్తారు. ఆ రోజు ఆ నోరు ఎక్కడికి పోయిందో. ఆమె ట్రాలీ తోసుకుంటూ వెళ్ళింది, వెనక్కి తిరిగి రెండుసార్లు చెయ్యి ఊపింది. కారులో కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడే ఆ పిల్ల ఫోన్ చేసింది. అమ్మ లోపలికి పోయిందా అని అడిగింది. పోయింది, నీ మీద బెంగతో పోయింది, అంతా మీ మామ చేశాడనుకుంటోంది అని కసిగా చెప్పాను. అవతల ఏడుస్తోందేమో తెలియదు, వినపడలేదు.

“అట్టానే అనుకోనీండి టీచర్,” అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత మగపిల్లాడు పుట్టాడు. లైసెన్సు కూడా ఈ మధ్యే ఆ పిల్ల పేరుకు మారిందని విన్నాను. మామ ఇప్పుడు డెలివరీలు చూసుకుంటాడు, ఖోర్ ఫక్కాన్ దాకా పోయి వస్తాడు, ఇంట్లో తక్కువ ఉంటాడు. నేను అటువైపు నడవకుండా పక్క సందులోంచి ఇంటికి వస్తున్నాను. అక్క మాత్రం వారం వారం ఫోన్ చేస్తుంది. వాడు దాన్ని కొడుతున్నాడా అని అడుగుతుంది. లేదక్కా, బాగానే ఉంది అంటాను.

మొన్న మనవడి పుట్టినరోజుకు వస్తానంది. విజిట్ వీసా తీస్తే చాలు, నాలుగు రోజులుండి పోతానంది, మురుకులు చేసి పెట్టిందట. అడిగి చూడమని నన్ను బతిమాలింది. ఆ సందు దాటి, ఇన్నాళ్ళకు ఆ మెస్ మెట్లెక్కి అడిగాను. ఆ పిల్ల బిడ్డకు పాలు పడుతూ, వద్దు టీచర్, నాకు భయం అంది. ఎవరంటే భయమే అంటే బిడ్డను ఇంకో వైపుకు మార్చుకుంది. ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. మీ తమ్ముడు ఒప్పుకోవడం లేదక్కా అన్నాను.

అక్క తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. వాడి వంశం నాశనమైపోవాలంది. ఆ వంశం తనదేనని ఆ కోపంలో గుర్తులేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, పాపం నా బిడ్డ ఎంత ఏడ్చిందో కదా టీచరమ్మా అని.

ఏడ్చిందక్కా అన్నాను.